ఇంగ్లండ్ క్లస్టర్‌లో ఐర్లండ్ పిల్ల

మా ఆయన ఖాదర్ హుస్సేన్‌కు ఇంగ్లీషు రాదు. రాదన్న సంగతి ఆయనకు తెలియదు. మొదటిది లోపమైతే రెండోది వరం.

దుబాయ్ దేరాలో ఒక టైపింగ్ సెంటర్‌లో వీసా కాగితాలు నింపే ఉద్యోగం ఆయనది. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు గళ్ళలో జనం పేర్లు నింపుతున్నాడు కాబట్టి ఆ భాష తన చేతికింద పనిచేస్తోందని ఆయన నమ్మకం. నేను కడపలో ఇంగ్లీషు లిటరేచర్‌తో బి.ఏ. చదివాను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆయన వాక్యంలో క్రియను సరిచేస్తే అలిగి అన్నం మానేశాడు. అప్పటినుంచీ ఆయన ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు నేను వంటింట్లో ఉంటాను. వంటిల్లు చాలా విషయాల్లో మంచి చోటు. అన్నీ వినబడతాయి, ఎవరికీ కనబడం.

జనవరిలో ఒక సాయంత్రం ఆయన షినేడ్‌ను వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. ఐర్లండ్ పిల్ల. ఇరవై దాటి ఉంటుంది. ఏదో విదేశీ యూనివర్సిటీ ఇక్కడ తెరిచిన బ్రాంచిలో ఈవెంట్ మేనేజ్‌మెంట్ చదవడానికి వచ్చింది. ప్రొద్దుటూరులో షామియానాల ఫకీర్ సాహెబ్ ఏ యూనివర్సిటీ మొహమూ చూడకుండానే అదే పని చేసి ముగ్గురు కొడుకుల్ని పెంచాడు. దుబాయ్‌లో తెల్లవాళ్ళంటే సముద్రం కనబడే అద్దాల మేడల్లోనే ఉంటారని మా బిల్డింగు అభిప్రాయం. మనలాగే గది వెతుక్కునే తెల్లవాళ్ళూ ఉంటారని ఆ పిల్లను చూశాకే తెలిసింది.

"మై వైఫ్," అని ఖాదర్ నావైపు చెయ్యి చూపించాడు. "నో ఇంగ్లీష్. ఓన్లీ కుకింగ్. వెరీ గుడ్ హార్ట్."

ఆ పిల్ల తల ఒక పక్కకు వంచి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గొంతు పెంచి, ఒక్కొక్క మాటా విడదీసి, "హలో! ఐ! యామ్! షినేడ్!" అంది. గుండె మీద చెయ్యి కూడా పెట్టుకుంది.

నేను నవ్వి తలూపాను. నోరు విప్పడంలో ఉన్న సుఖం కంటే విప్పకపోవడంలో ఉన్న సుఖం ఎక్కువని ఆ క్షణంలోనే తోచింది.

ఇంటర్నేషనల్ సిటీలో మాది ఒక బెడ్‌రూము, ఒక హాలు. బెడ్‌రూము మా అమ్మాయి ఫిజాది. మే నెలలో దానికి నీట్ పరీక్ష. డాక్టరు కావాలన్నది దాని పట్టుదల. ఎనిమిదో తరగతి నుంచి అదే మాట. ఖాదర్ ఆ గది షినేడ్‌కు ఇచ్చేసి, ఫిజాను పుస్తకాలతో సహా హాల్లోకి తెచ్చాడు. హాల్లో టీవీ, వచ్చేపోయేవాళ్ళు, ఆయన ఫోను. చదువు సాగక ఫిజా వంటింట్లోకి వచ్చి, గట్టు మీద పుస్తకం పరుచుకుని నిలబడి చదివేది. కప్ప గుండె బొమ్మ మీద పసుపు మరకలు పడ్డాయి.

"పరీక్ష అయ్యేదాకా ఆగకూడదా, ఫిజా అబ్బా?" అన్నాను.

"యూరోపియన్ దొరికేదంటే మాటలా? మా ముదీరే, అంత పెద్ద మేనేజరే, కుర్చీలోంచి లేచి వచ్చి అడిగినాడు, నిజమేనా ఖాదర్, నీ ఇంట్లో గోరీ మేడం ఉండాదా అని. ఇరవై ఏండ్లల్లో ఆయప్ప నా టేబుల్ కాడికి వచ్చింది అదే మొదలు."

ఎదురు ఫ్లాటులో దయారాణి ఉంటుంది. పాలకొల్లు మనిషి, ఆస్పత్రిలో నర్సు. డిసెంబరులో తన కింద పనిచేసే తెలుగు పిల్లకు ఇదే గది అడిగితే, నర్సులకు నైట్ డ్యూటీలు, ఎవరెవరో కార్లలో దింపుతారు, మాది ఫ్యామిలీ అని ఖాదర్ కుదరదన్నాడు. షినేడ్ సూట్‌కేసులు లిఫ్టులోంచి దిగుతుంటే ఆమె గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

"అన్నయ్యగారూ, మా పిల్లకి లేని గది ఈ పిల్లకి ఎక్కణ్ణుంచి మొలిచిందండీ?"

"అది వేరమ్మా."

"ఆయ్, వేరేనండి. మా పిల్ల నల్లగా ఉంటదండి."

ఇంత పౌరుషం చూసి నాకు ముచ్చటేసింది. మర్నాడు మధ్యాహ్నం ఆమే పళ్ళెంలో వంజరం వేపుడు పెట్టుకుని, షినేడ్ తలుపు కొట్టి, "ఫిష్ మేడం, నో బోన్ మేడం," అంటోంది. నాకు ఒక ముక్క కూడా పెట్టలేదు.

ఇక ఫోన్ల సంగతి. ఇక్కడ వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపవచ్చుగానీ కాల్ కలవదు. దుబాయ్‌లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ మొదటివారం ఏడ్చి నేర్చుకునే పాఠమది. షినేడ్ కూడా ఏడ్చింది. ఖాదర్ ఉద్ధారకుడిలా ముందుకొచ్చి, మేమందరం కాల్స్‌కు వాడే బోటిమ్ యాప్ ఆమె ఫోనులో ఎక్కించి, ఐర్లండ్‌లో ఉన్న తల్లి చేత కూడా ఎక్కింపజేశాడు. వైఫై పెట్టె హాల్లో ఉంది. సిగ్నలు బెడ్‌రూము గోడ దాటదు. అందుకని రోజూ సాయంత్రం, ఫిజా చదువుకు కూర్చునే వేళకు, షినేడ్ మా సోఫా మీద బాసింపట్టు వేసుకుని, నా ఖర్జూరాల గిన్నెకు ఫోను ఆనించి, స్పీకరులో తల్లితో మాట్లాడేది. తల్లి పేరు బ్రిజిడ్. ఊరు అథ్‌లోన్. కుటుంబమంతా వంతులవారీగా తెర మీదికి వచ్చేది.

వాళ్ళకు ఆ పిల్ల చెప్పిన మొదటి విశేషం మా వాడ పేరు. ఇంటర్నేషనల్ సిటీలో బిల్డింగుల గుంపులకు దేశాల పేర్లు పెట్టారు. మాది ఇంగ్లండ్ క్లస్టర్. "అమ్మా, అమ్మమ్మకు మాత్రం చెప్పొద్దు, నేను ఇంగ్లండ్‌లో ఉంటున్నానని తెలిస్తే ఆవిడ గుండె ఆగిపోతుంది," అని తల్లితో అని పకపకా నవ్వింది. మనలాగే వాళ్ళూ ఇంగ్లండ్ వాళ్ళ ఏలుబడిలో నలిగినవాళ్ళే. అదే మాట పిన్నితో అంది. అన్నతో అంది. పక్కింటావిడతో అంది. నాలుగోసారి ఫిజా వంటింట్లో పుస్తకంలోంచి తలెత్తకుండా, ఆ నవ్వుతో సహా, ఆమె కంటే ముందే ఆ జోకు చెప్పేసింది.

రెండో విశేషం నేను.

"పాపం, ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది. లోకం తెలియదు. నేను ఇంగ్లీషు నేర్పుతున్నాను. నిన్న 'స్పూన్' అంది, తెలుసా? ఎంత ముద్దొచ్చిందో!"

నిజంగానే అన్నాను. స్పూన్ ఎక్కడ పెట్టావని ఫిజాను అడిగాను.

"అమ్మీ, నేను చెప్పేస్తా," అని ఫిజా పళ్ళు కొరికింది.

"ఏం చెప్తావే? టికెట్ లేకుండా నాటకం ఇంటికొస్తే మధ్యలో లేచిపోతారా?"

"నీకు నాటకం. నాకు గది పాయ."

నేను ఉల్లిపాయలు తరిగాను.

ఫిబ్రవరిలో సెలవులకు వెళ్ళొచ్చిన ఒక ఐరిష్ టీచరమ్మ చేత బ్రిజిడ్ ఒక పెద్ద సంచి పంపింది. వాళ్ళ చర్చిలో పోగుచేసిన బట్టలట. "ఆ పాపం ఇల్లాలికి" అని. తెరిస్తే మోకాళ్ళ కిందికి దిగే ఉన్ని కోటు, కుందేళ్ళ బొమ్మల స్వెట్టరు, రెండు మఫ్లర్లు. దుబాయ్‌కి. ఎండలు గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతున్న రోజుల్లో.

ఖాదర్ కళ్ళు చెమర్చాయి. "చూడు, ఏం మనుషులో! మన చుట్టాలు ఒగరన్నా పంపించినారా ఎప్పుడన్నా? వేసుకో, ఫొటో తీచ్చా."

వేసుకున్నాను. ఉన్ని కోటు, నుదుట ధారగా చెమట, చేతిలో గరిటె. ఆ ఫొటో అథ్‌లోన్‌లో చర్చి నోటీసు బోర్డు ఎక్కిందని షినేడ్ చప్పట్లు కొట్టి చెప్పింది. మా వంశంలో ఐరోపా దాకా వెళ్ళిన మొదటి మనిషిని నేనే.

రంజాన్ పండుగ అయిపోయింది. ఏప్రిల్ వచ్చింది. ఫిజా కళ్ళకింద నల్లటి చారలు వచ్చాయి. మాక్ టెస్టులో మార్కులు పడిపోయాయి. "నిలబడి చదివితే కాళ్ళకే వస్తాంది అమ్మీ, తలకు రావడంల్యా," అంది. ఖాదర్‌ను మళ్ళీ అడిగాను. ఏడాదికని మాట ఇచ్చాం, యూరోపియన్లు మాట తప్పరు, మనం తప్పితే ఏమనుకుంటారు అన్నాడు. సొంత కూతురు ఏమనుకుంటుందన్న ప్రశ్న ఆయన గళ్ళలో లేదు.

ఆ వారంలోనే, సాయంత్రం ఫోనులో, తెర మీద బ్రిజిడ్ వంటిల్లు కనిపించింది. శుభ్రమైన పూల కర్టెన్లు. వాటి వెనక పెరటి తలుపు దగ్గర ఒక అమ్మాయి, బాగా మందపాటి జాకెట్టు మెడ దాకా జిప్పు పెట్టుకుని, నిలబడి డబ్బాలోంచి అన్నం తింటోంది. ఇంటి లోపల, జాకెట్టుతో.

"ఎవరమ్మా అది?" అంది షినేడ్.

"చెప్పలేదూ? నీ గది ఖాళీగానే ఉంది కదా అని ఒక ఇండియన్ నర్సుకు ఇచ్చాం."

సరిగ్గా అప్పుడు మా కుక్కరు మాడు వాసన కొట్టింది. "ఫిజా, ఆ కుక్కర్ ఆపవే, అడుగంటుతాంది!" అని కేక పెట్టాను.

తెరలోని అమ్మాయి చెంచా గాల్లో ఆగింది. "ఆంటీ! తెలుగువాళ్ళాండీ?"

పేరు జెన్నిఫర్. నరసాపురం. ఐర్లండ్ తల్లీకూతుళ్ళకు ఇది మహా వినోదమైంది. రెండు చిలకలు ఒకదాన్నొకటి గుర్తుపట్టినట్టు మమ్మల్ని చూసి మురిసిపోయారు. షినేడ్ ఫోను నా మొహానికి తిప్పి పట్టుకుంది. నేను జెన్నిఫర్ నంబరు తీసుకున్నాను. మన ఫిజా మంచం మీద ఆ పిల్ల, ఆ పిల్ల మంచం మీద మన జెన్నిఫర్. దేవుడికి కూడా పనిలేని రోజులుంటాయి.

తర్వాత మేమిద్దరం వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి పంపుకున్నాం. ఆమె గొంతు వెనక ఎప్పుడూ బస్సుల చప్పుడు వినిపించేది. ఎందుకని అడిగాను.

"ఇంట్లో మాట్లాడకూడదండి. మన భాష మోతగా ఉంటదంటండి, ఆవిడకి తలనొప్పి వస్తదంటండి. అందుకని బస్టాపుకి వచ్చి మాట్లాడుకుంటానండి. హీటర్ సాయంత్రం ఒక్క గంటేనండి, తర్వాత చలేస్తే జాకెట్ వేసుకోమంటారండి. ఫ్రిజ్‌లో అడుగు అర నాదండి. తాలింపు కూడదండి, కర్టెన్లకి వాసన పడతదంట. తినేది పెరటి తలుపు దగ్గర నిలబడి తినేస్తానండి, అలవాటైపోయిందండి. ఆవిడ మంచావిడేనాంటీ. మీ కోసం బట్టలు పోగుచేసింది కూడా ఆవిడేనంట కదండీ."

నర్సులకు అందరూ మంచివాళ్ళే. సూది గుచ్చుతూ నొప్పి ఉండదని చెప్పే అలవాటు.

"మరి ఇంకో గది చూసుకోరాదా అమ్మా?"

"ఇక్కడ గదులెక్కడియ్యాంటీ. వాళ్ళ సొంత పిల్లలకే దొరక్క దుబాయ్ వచ్చేస్తున్నారు కదండీ."

ఆ మాట నేను రెండుసార్లు విన్నాను. తర్వాత ఫిజాను పిలిచాను.

"రేపు పొద్దున నువ్వు నాకు దుబాసివి."

"ఎవరితో మాట్లాడడానికి?"

"నాకు ఇంగ్లీషు రాదు కదా. మేడంతో."

మర్నాడు ఖాదర్ ఆఫీసుకు వెళ్ళాక షినేడ్‌ను కూర్చోబెట్టాను. నేను తెలుగులో చెప్పాను, ఫిజా కోర్టు గుమస్తా మొహం పెట్టుకుని ఇంగ్లీషులో చెప్పింది. ఏసీ సాయంత్రం ఒక్క గంట. తర్వాత ఉక్కపోస్తే పల్చటి బట్టలు వేసుకోవచ్చు. ఫ్రిజ్‌లో అడుగు అర. చీజు కరిగించకూడదు, కర్టెన్లకు వాసన. తినేది వీధి తలుపు దగ్గర, చెప్పుల స్టాండు పక్కన నిలబడి. ఫోన్లు కింద బస్టాపులో. ఐరిష్ వాళ్ళ మాట మోతగా ఉంటుంది, అమ్మకు తలనొప్పి వస్తుంది.

షినేడ్ మొహం ఆమె ఎర్రజుట్టు రంగుకు వచ్చింది. "బట్ వై?"

"అమ్మీ, ఎందుకని అడుగుతాంది."

"ఇంటి పద్ధతి అని చెప్పు. నవ్వు మొహంతో చెప్పు."

సాయంత్రం ఖాదర్ ఎగరొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టు కోసం ఆగే ఓపిక కూడా లేదు. "ఏమే, మేడం పోయి బస్టాపులో కూర్చోనుండాది! బిల్డింగంతా చూచ్చాండారు! నా పరువు?"

"ఆ బస్టాపులో ఏసీ ఉండాది లే. మీ పరువు చల్లగానే ఉంటుంది."

"ఇవేం రూల్సు? యాడ నేర్చుకున్యావు?"

"యూరప్ నుంచి తెప్పించినా."

ఆయనకు అర్థం కాలేదు. దొంగచాటుగా ఏసీ రిమోటు షినేడ్ చేతికిచ్చాడు. నేను ముందే బ్యాటరీలు తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఆయన బియ్యం డబ్బా మూత తీసిన చరిత్ర లేదు.

మూడో రోజు ఫోను బస్టాపు నుంచి తిరిగి పైకి వచ్చింది. షినేడ్ హాల్లోకి దూసుకొచ్చి, ఖర్జూరాల గిన్నెకు దాన్ని ఆనించింది. తెర నిండా బ్రిజిడ్ మొహం, భుజం వెనక పెరటి తలుపు, తలుపు దగ్గర జాకెట్టులో జెన్నిఫర్, చేతిలో డబ్బా. ఆ తల్లి అరుస్తోంది. ఇంగ్లీషులో అరిచింది. వేడి తగ్గకుండా తెలుగులో పెడుతున్నాను.

"అద్దె కట్టి ఉంటున్న ఇంట్లో నా బిడ్డ తలుపు దగ్గర నిలబడి తినాలా? కన్నతల్లితో మాట్లాడ్డానికి వీధిలోకి పోవాలా? ఒక్క గంట ఏసీయా? నేను కోటు పంపాను ఆ మనిషికి! ఎలాంటి ఆడది ఇలా చేస్తుంది? పిలువు ఆమెను. భాష రాకపోతే పోనీ, నా మొహం చూసి అర్థం చేసుకుంటుంది."

చేతులు తుడుచుకుని వెళ్ళి సోఫాలో కూర్చున్నాను. ఖాదర్ అప్పుడే గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు.

"గుడ్ ఈవెనింగ్, బ్రిజిడ్," అన్నాను. ఆపైన కూడా ఇంగ్లీషులోనే, కడప లెక్చరర్లు నేర్పినట్టు, ఒక్కో వాక్యం చివరిదాకా. "మీ ప్రశ్న న్యాయమైనది. నేను లోకం తెలియనిదాన్ని. మీ దేశంలో పెద్దమనుషుల ఇళ్ళలో అద్దెకున్నవాళ్ళను ఎలా చూస్తారో నాకేం తెలుసు? అందుకని తెలిసినవాళ్ళను అడిగాను. ఆ పద్ధతులే తెచ్చి పెట్టాను. హీటరును మాత్రం ఏసీగా మార్చాను, పెరటి తలుపు లేక వీధి తలుపు వాడాను. ఎక్కడైనా తప్పు అర్థం చేసుకుని ఉంటే, మీ వెనకున్న అమ్మాయిని అడిగి నన్ను దిద్దండి."

ఖాదర్ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నిలబడిపోయాడు.

బ్రిజిడ్ వెనక్కు తిరగలేదు. తిరగాల్సిన అవసరం లేదని ఆమె మెడే చెబుతోంది. జెన్నిఫర్ నమలడం ఆపి, డబ్బాకు నెమ్మదిగా మూత పెట్టింది. ఆ మూత టక్కుమన్న శబ్దం అథ్‌లోన్ నుంచి మా హాల్లోకి స్పష్టంగా వినిపించింది.

"అది వేరు," అంది చివరికి బ్రిజిడ్.

మా ఆయన దయారాణితో అన్న మాటే. ఆ మాట అనేసి ఆమె ఫోను పెట్టేసింది.

షినేడ్ నా వంకే చూస్తోంది. "నీకు ఇంగ్లీషు వచ్చా? మొదటినుంచీ?"

"స్పూన్ మాత్రం నువ్వే నేర్పావు," అన్నాను.

"నేను నీ గురించి ఎప్పుడూ మంచే చెప్పాను!" అంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆ నీళ్ళు నిజమైనవే. తను చేసిన తప్పేమిటో తెలియనివాళ్ళ కన్నీళ్ళు ఎప్పుడూ నిజమైనవే ఉంటాయి.

శుక్రవారం ఆమె తన టీచరు స్నేహితురాలి ఫ్లాటుకు వెళ్ళిపోయింది. సముద్రం కనిపిస్తుందట. పోయేటప్పుడు ఉన్ని కోటు మడిచి ఆమె చేతిలో పెట్టాను. "ఊరికి వెళ్ళినప్పుడు జెన్నిఫర్‌కు ఇవ్వు. సాయంత్రాలు పనికొస్తుంది." ఆమె తీసుకుంది. అర్థమైందో లేదో చెప్పలేను. సూట్‌కేసులు లిఫ్టు ఎక్కేలోపలే ఫిజా గదిలోకి దూరి గోడకు కప్ప గుండె బొమ్మ అంటించింది.

ఆ రాత్రి ఖాదర్ భోజనానికి కూర్చుని చాలాసేపు అన్నంలో వేళ్ళు తిప్పాడు. మేడం పోయిన బాధ కాదని నాకు తెలుస్తూనే ఉంది.

"అంటే, ఇన్నేండ్లూ నా ఇంగ్లీషు ఇంటాంటివా?"

"ఇంటాంటి."

"ఎట్లుంటాది?"

"వెరీ గుడ్ హార్ట్," అన్నాను.

ఆయన అన్నం మానలేదు. వయసు పెరిగింది కదా.

ఫిజా తన గదిలో, తన కుర్చీలో కూర్చుని చదివి పరీక్ష రాసింది. బాగా రాశానంది. నెలాఖరులో జెన్నిఫర్ నుంచి రికార్డు చేసిన మాట ఒకటి వచ్చింది. వెనక బస్సుల చప్పుడు లేదు.

"ఆంటీ, ఇంట్లోంచే మాట్లాడుతున్నానండి. కూర్చునే తింటున్నానండి ఇప్పుడు. తాలింపుకి మాత్రం ఇంకా పర్మిషన్ రాలేదండి. షినేడ్ వచ్చిందండి, కోటు అందిందండి. బ్రిజిడ్ గారే తొడిగారండి నాకు. చర్చిలో అందరికీ చెప్పారంటండి, దుబాయ్‌లో ఒక పేద ఇల్లాలు తన ఒంటి మీద కోటు తీసి తన దేశం పిల్లకి పంపిందని. అందరూ ఏడ్చారంటండి. మీకు మళ్ళీ బట్టలు పోగుచేస్తున్నారండి, ఆంటీ."

అది వినిపిద్దామని ఫిజా గదివైపు వెళ్తుంటే ఖాదర్ ఫోను చెవినుంచి తీసి, హుషారుగా నావైపు తిరిగాడు.

"పరీక్ష ఖలాస్ కదా? పోలండ్ పిల్లోడు ఒగడు గది అడుగుతాండాడు. శానా మర్యాదస్తుడంట…"

ఆయన మాట ముగించేలోపే ఫిజా గది తలుపుకు లోపలినుంచి గడియ పడింది.